కాలువ గట్ల మీద చిన్న కారు: కోనసీమలో స్విఫ్ట్‌తో నా అనుభవం

(ఇది పలువురి మధ్య జరిగిన చర్చ. ప్రతి రాత పైనా రాసినవారి మారుపేరు ఉన్నది.)

గౌతమి గట్టు (ముమ్మిడివరం)

చిన్న కారు కొనదలచినవారు మొదట అడిగేది మైలేజీ ఎంత అని. గోదావరి డెల్టాలో తిరగవలసినవారు దానికంటే ముందు అడగవలసినవి రెండున్నాయి: కారు వెడల్పెంత, ఎంత చోటులో తిరుగుతుంది. నేను పశువైద్యుణ్ణి. 2021లో తీసుకున్న మాన్యువల్ గేర్ల స్విఫ్ట్‌లో ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లోని ఊళ్లు తిరుగుతూ ఉంటాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా రెండో గేరులోనూ మూడో గేరులోనూ బతికే కారు గురించే అనుకోండి.

మా వైపు ఊరికీ ఊరికీ మధ్య దారి అంటే చాలాచోట్ల కాలువ గట్టే. ఒక పక్క పంట కాలువ, రెండో పక్క పల్లంలో వరి చేనో రొయ్యల చెరువో, మధ్యన సన్నని తారు పట్టీ. ఎదురుగా ఇంకో బండి వస్తే రెండింటిలో ఒకటి వెడల్పు చోటు దొరికేదాకా వెనక్కి పోవలసిందే. ఆ వచ్చేది ధాన్యం బస్తాల ట్రాక్టరు అయితే ఎవరు వెనక్కి పోవాలన్న ప్రశ్నే పుట్టదు. స్విఫ్ట్ వెడల్పు 1735 మిల్లీమీటర్లు, టర్నింగ్ రేడియస్ (బండి తిరిగే వలయపు వ్యాసార్ధం) 4.8 మీటర్లు. పక్క అద్దాలు మడిస్తే ఆటోను ఆనుకుని దాటిపోగలుగుతున్నాను, లాకుల (కాలువ నీటి తలుపుల) దగ్గర ఉండే కొద్దిపాటి జాగాలో రెండు మూడు మార్లు ముందుకూ వెనక్కూ ఆడించి బండిని వెనుదిప్పగలుగుతున్నాను. బంధువుల పెద్ద ఎస్‌యూవీ తెచ్చుకున్న రోజున అదే చోట దిగి, ఒక మనిషిని వెనుక నిలబెట్టి, కేకలు వేయించుకుంటూ తిప్పవలసి వచ్చింది.

వెనుక సెన్సార్లను మాత్రం గట్టు మీద నమ్మవద్దు. అవి గడ్డి దుబ్బును చూసి కూడా గోల పెడతాయి గాని, దుబ్బు లేని చోట కాలువలోకి జారే వాలు ఉంటే ఒక్క కూత కూయవు. సెన్సారుకు అడ్డం వచ్చినది తెలుస్తుంది, లేని నేల తెలియదు. వెనుక కెమెరా కొంత మేలు, అది కూడా వాన పడి లెన్సు మీద బురద చిట్లనంతవరకే.

ఇంజను 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 పీఎస్. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 23.2 కిలోమీటర్లు. 216వ జాతీయ రహదారి మీద ఏసీ వేసుకుని నిదానంగా పోతే నాకు పంతొమ్మిది, ఇరవై మధ్య వస్తున్నది. గట్ల మీద, ఊళ్లలో కలిపి పదిహేను, పదహారు. నల్లరేగడి నేల ఎండకు పగిలి, వానకు ఉబ్బి తారును అలలు అలలుగా చేస్తుంది కాబట్టి బిగువైన సస్పెన్షన్ మీద నడుముకు పని పడుతుంది. నేలకూ కారుకూ మధ్య 163 మిల్లీమీటర్లే గనక, ఊరివాళ్లు తమ చేత్తో పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద నలుగురితో పోతున్నప్పుడు ఏటవాలుగా దాటుతాను. డిక్కీ 268 లీటర్లు, నా సామానుకు చాలు. కాకపోతే దాని అంచు ఎత్తు. ఐసు నింపిన టీకాల పెట్టెను మోకాలి మీద ఆనించి, ఎత్తి, అంచు దాటించి లోపలికి దించాలి. కొనేముందు మీ సామాను ఏదో ఒకటి వెంట తీసుకుని వెళ్లి, డిక్కీలో పెట్టి చూసుకోండి.

ఉండి చెరువులు (భీమవరం దగ్గర)

వెడల్పు విషయంలో డాక్టరు గారితో నాకు తేడా లేదు. ఇంజను దగ్గరే నా బెంగ. చెరువుల మీద తిరిగేవారికి పాత డీజిల్ స్విఫ్ట్ ఇచ్చిన సుఖం ఈ పెట్రోలు కార్లు ఇవ్వడం లేదు. ఆ 1248 సీసీ ఇంజనుకు 190 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాలను తిప్పే బలం) ఉండేది. వెనుక సీటు మడిచి మేత బస్తాలు వేసుకున్నా, చెరువు గట్టు ఎక్కేటప్పుడు మూడో గేరులోనే ఎక్కేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చింది, మారుతీ డీజిల్ ఇంజన్లు చేయడం మానుకున్నది, మా కథ అక్కడితో ముగిసింది. ఇప్పుడు టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాకులు 113 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటాయి, అది కూడా ఇంజను బాగా తిరిగితేనే అందుతుంది. అందుకే బరువుతో గట్టు ఎక్కవలసినప్పుడు ముందే రెండో గేరుకు దిగడం అలవాటు చేసుకోవాలి, ఎక్కేటప్పుడు సగంలో ఊపిరాడక గేరు మారిస్తే బండి వెనక్కి జారుతుంది.

ఇంకో మాట. రొయ్యలు, చేపలు పట్టుబడి ఉన్న రోజుల్లో ఐసు లారీల నుంచి కారిన నీటితో రోడ్డు తెల్లవార్లూ తడిగానే ఉంటుంది. తెల్లవారుజామున ఆకివీడు వైపు పోయేవారు ఎండాకాలంలో కూడా వానాకాలపు వేగంతోనే పోవాలి.

మామిడికుదురు అల్లుడు (కాకినాడ)

నేను కొనబోయేవాణ్ణి. ఉద్యోగం కాకినాడలో, అత్తవారిల్లు మామిడికుదురులో, అమ్మానాన్నలు నా దగ్గరే ఉంటారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగిన తరవాత నా బడ్జెట్‌లోకి స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, టియాగో మూడూ వస్తున్నాయి. ఆటోమేటిక్ తీసుకుంటే గట్ల మీద ఇబ్బందా? పెద్దవారు ఎక్కి దిగడానికి ఏది నయం? భద్రత మాటేమిటి? దయచేసి వాడుతున్నవారు చెప్పండి, షోరూములో అడిగితే మూడు చోట్లా తమదే మంచిదన్నారు.

దిండి కోడలు

అండీ, మాది వ్యాగన్ ఆర్ 1.2, ఆటోమేటిక్. నేను కారు నేర్చుకున్నదే కాలువ గట్టు మీద, కనుక మీ ప్రశ్నకు నేనే ముందు సమాధానం చెబుతాను. దాని వెడల్పు 1620 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ కంటే పదకొండు సెంటీమీటర్లకు పైగా తక్కువ. కాగితం మీద ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు, ఎదురుగా కొబ్బరికాయల వ్యాను వచ్చినప్పుడు ఆ జానెడు లోపు చోటే మనల్ని తారు మీద ఉంచుతుంది. టియాగో ఈ రెండింటికీ మధ్యన, 1677. వ్యాగన్ ఆర్ ఎత్తు 1675 కావడం వల్ల మా అత్తగారు కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి జరిగి సీట్లో కూర్చుంటారు. స్విఫ్ట్‌లో అయితే తల వంచి, లోపలికి దిగి, పైకి లేవడానికి తలుపు పట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు ఇంట్లో ఉంటే ఇక వేరే ఆలోచన పెట్టుకోవద్దు. డిక్కీ కూడా 341 లీటర్లు.

ఆటోమేటిక్ అంటే ఇందులో ఉన్నది ఏఎంటీ. క్లచ్చు, గేర్లు మామూలువే, వాటిని మన కాలూ చెయ్యీ కాకుండా యంత్రం కదుపుతుంది. రావులపాలెం సెంటరులోనూ అమలాపురం ఎర్ర వంతెన దగ్గరా ఇది నిజంగా వరం. చిక్కు ఎక్కడంటే, సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (బండ్లను నది దాటించే పడవ) ఎక్కేటప్పుడు. రేవు వాలుగా ఉంటుంది, పంటు అంచున ఇనుప రేకు ఎత్తుగా ఉంటుంది, నదిలో ఆటుపోటును బట్టి ఆ ఎత్తు మారుతుంది. ముందు చక్రాలు రేకుకు తగిలి ఆగిన క్షణంలో మాన్యువల్ బండివారు క్లచ్చు మీద పట్టి మెల్లిగా ఎక్కిస్తారు. ఏఎంటీలో యాక్సిలరేటరు నొక్కాక అర క్షణం ఏమీ జరగదు, తరవాత ఒక్కసారిగా దూకుతుంది, ఎదురుగా మోటారు సైకిళ్లు నిలబడి ఉంటాయి. అందుకని హ్యాండ్ బ్రేకు సగం పట్టి ఉంచి, లివరును మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరుకు మార్చి, కొద్దికొద్దిగా వదులుతాను. పంటు పనివారు కూడా ఇప్పుడు అలవాటుపడ్డారు, ఆటోమేటిక్ అని చెబితే ముందున్నవారిని కాస్త జరగమంటారు. చించినాడ వంతెన మీదుగా పోయేవారికి ఈ తంటా ఏమీ ఉండదు.

తణుకు సర్వేయరు

బీమా నష్టాలు అంచనా వేయడం నా వృత్తి. భద్రత గురించి అడిగారు కాబట్టి బహిరంగంగా ఉన్న ఫలితాలు చెబుతాను. కార్లను ఢీకొట్టించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2020లో పాత నిబంధనల కింద టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. కఠినతరం చేసిన కొత్త నిబంధనల కింద అప్పటి స్విఫ్ట్‌కు 2022లోనూ, వ్యాగన్ ఆర్‌కు 2023లోనూ ఒక్కొక్క నక్షత్రమే వచ్చింది. రెండు నిబంధనలూ వేరు గనక నక్షత్రాలను నేరుగా పోల్చడం సరికాదు. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, దాన్ని పాతదానితో కలిపి చూడకూడదు.

అయితే డెల్టాలో నా ముందుకు వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది ఢీకొన్నవి కాదు, కాలువలో పడ్డవి. రెయిలింగు లేని గట్టు, మంచు పట్టిన వేకువ, ఎదురు దీపాల వెలుగు, అంతే. కారు నీటిలో పడ్డాక కొద్దిసేపు తేలుతుంది, ఇంజను బరువుకు ముక్కు ముందుగా దిగుతుంది. ఆ కొద్దిసేపే మన చేతిలో ఉండేది. తలుపు తీయడానికి ప్రయత్నించి కాలం పోగొట్టుకోవద్దు, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. బెల్టు తీసి, వెంటనే పక్క అద్దం దించాలి, పవర్ విండో మోటార్లు సాధారణంగా నీట మునిగిన మరుక్షణమే ఆగిపోవు. అద్దం దిగకపోతే సుత్తితో పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న లామినేటెడ్ గాజు, దాన్ని కొట్టి లాభం లేదు. పిల్లలను ముందు బయటికి పంపాలి. చిన్న సుత్తి ఒకటి డ్రైవరు చేతికి అందే చోట ఉంచుకోండి. డిక్కీలో ఉన్న సుత్తి లేనట్టే.

వరద నీటి విషయం. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంకల్లోని (నది మధ్య దీవుల్లోని) కొన్ని కాజ్‌వేలు, అంటే నీటి మీదుగా వేసిన తక్కువ ఎత్తు దారులు, మొదటి హెచ్చరికకు ముందే మునుగుతాయి. పడవలు తిరిగే కాజ్‌వే మీద కారు దించే సాహసం ఎవరూ చేయరు గాని, జానెడు నీరే కదా అని దించేవారు ప్రతి ఏడూ ఉంటారు. నీరు గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి పోతే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండి ఆగిపోతే తిరిగి స్టార్ట్ చేయవద్దు. నీటిలో ఆగిన ఇంజనును మళ్లీ తిప్పడం వల్ల కలిగిన నష్టాన్ని మామూలు సమగ్ర పాలసీ కింద సాధారణంగా చెల్లించరు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అన్న యాడ్ ఆన్ (అదనపు రక్షణ) వేరుగా తీసుకోవాలి, తీసుకున్నా షరతులు చదువుకోవాలి. నదీ తీరంలో ఉన్నవారికి నేను మొదట చెప్పేది అదే.

రాజోలు గ్యారేజీ

సర్వేయరు గారు నీటి గురించి చెప్పారు, నేను ఎలుకల గురించి చెబుతాను, ఎందుకంటే నా షెడ్డుకు నీటి కంటే ఎలుకలే ఎక్కువ కార్లను తెస్తాయి. సార్వా (వానాకాలపు వరి) కోతలు అయిన తరవాత చేలో తిండి, చాటు రెండూ పోయి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. ఇంజను వెచ్చగా ఉంటుంది కాబట్టి రాత్రి అక్కడే కాపురం. ఆక్సిజన్ సెన్సారు వైరు, వాషరు నీళ్ల గొట్టం, బానెటు కింద ఉన్న ఇన్సులేషన్ మెత్త, ఇవి వాటికి ప్రీతి. ఉదయం ఇంజన్ దీపం వెలిగితే కంప్యూటరు పెట్టించేముందు బానెటు ఎత్తి చూడండి, మెత్త తునకలూ వరి గింజల పొట్టూ కనిపిస్తే రోగం తెలిసిపోయినట్టే. మన వాళ్లు లంక పొగాకు కాడలు కట్టి వేలాడదీస్తారు. అది పని చేస్తుంది గాని ఘాటు తగ్గగానే మార్చాలి, సైలెన్సరు గొట్టానికి దూరంగా కట్టాలి. ఏసీ గాలి లోపలికి పోయే రంధ్రానికి సన్నని ఇనుప జాలీ వేయిస్తే ఇంకా మంచిది. పొగాకు వాసన కూడా లోపలికి రాకుండా పోతుందని నేను చెప్పను, అది వస్తుంది.

కోతల్లో ఇంకో ప్రమాదం గడ్డి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి పక్కన పరిచిన గడ్డి మీదుగా పోతే పోచలు కారు కింద చుట్టుకుంటాయి. పొగ గొట్టంలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. కాలిన వాసన వస్తే రెండు నిమిషాలు ఆగి, సెల్‌ఫోను దీపం వేసి కిందికి వంగి చూడండి. గడ్డి చిక్కుకుని ఉంటే చేత్తో పీకకండి, కర్రతో లాగండి.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కనుక మైలేజీ కొద్దిగా తగ్గిందన్న మాట భ్రమ కాదు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్ల గొట్టాలు, సీళ్లు దానికి తగినట్టు చేసినవే. పాత బండ్లవారు నెలల తరబడి కారును కదపకుండా ఉంచవద్దు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన గాలిలో దానికి కొదవేమీ లేదు.

గౌతమి గట్టు

గ్యారేజీ వారి మాటల్లో ఒక్కదానికి నేను ఒప్పుకోను. పొగాకు ఘాటుకు ఎలుకలు రెండు వారాలు బెదురుతాయి, ఆపై అలవాటు పడతాయి. వైద్యుడిగా వాటి తీరు నాకు కొంత తెలుసు. నా షెడ్డులో రాత్రి బానెటు ఎత్తి ఉంచి, పైన ఒక చిన్న బల్బు వెలిగిస్తున్నాను. చీకటీ వెచ్చదనమూ రెండూ దొరకని చోట అవి గూడు పెట్టవు. పిల్లిని పెంచమని మా ఇంట్లో చెబుతున్నారు, అది ఇంకా చర్చలోనే ఉన్నది.

అల్లుడు గారికి ఒక సంగతి. మీరు కాకినాడ నుంచి వచ్చేటప్పుడు యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటుతారు. యానాం పుదుచ్చేరి కింద ఉండడం వల్ల అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు ధర మన వైపు కంటే తక్కువ. ఈ కార్ల ట్యాంకులు 32 నుంచి 37 లీటర్లవి. ప్రతి రాకపోకలోనూ అక్కడే నింపుకుంటే ఇథనాల్ తగ్గించిన మైలేజీ ఖర్చు తిరిగి వస్తుంది.

మామిడికుదురు అల్లుడు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారి మోకాళ్ల కోసం వ్యాగన్ ఆర్ వైపే మొగ్గు ఉన్నది, భద్రత దగ్గర మనసు టియాగో వైపు లాగుతున్నది. రెండింటినీ నాన్నగారిని ఎక్కించి నడిపి చూశాక రాస్తాను. ఒక సందేహం: అత్తవారింట్లో కారు పెట్టే చోటంతా కొబ్బరి చెట్లే. కాయ పడితే బీమా వస్తుందా?

తణుకు సర్వేయరు

సమగ్ర పాలసీ ఉంటే వస్తుంది, బయటి వస్తువు పడి జరిగిన ప్రమాదంగా లెక్క. కానీ లెక్క వేసుకోండి. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మీరు భరించవలసింది వెయ్యి రూపాయలు. ప్లాస్టిక్ భాగాల విలువలో యాభై శాతం తరుగు కింద పోతుంది, తరుగు తీయని జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ ఉంటే తప్ప. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఏడాది క్లెయిము లేకపోతే వచ్చే 20 శాతం, అయిదేళ్లకు 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) పోతుంది. టాపు మీద పడిన చిన్న సొట్టకు రంగు పోకుండా సొట్ట తీసేవారి దగ్గరికి పోవడమే లాభం. వెనుక అద్దం పగిలితే క్లెయిము ఆలోచించవచ్చు. కాయ కంటే మట్ట ప్రమాదం, అది గాలివానకు మొదలు వైపు బరువుతో వచ్చి బానెటు మీద పడుతుంది. దింపు (కాయలు దించడం) అయిన వెంటనే ఎండిన మట్టలు కూడా కొట్టించేయమనండి.

ఉండి చెరువులు

కొత్త కారు తీసుకుంటున్నారు కాబట్టి తుప్పు మాట కూడా చెప్పాలి. ఉప్పుగాలి, చెరువు నీటి తడి రెండూ ఉన్న చోట అడుగు భాగానికి పూత వేయించడం మంచిదే. నా కారుకు ఒక సర్వీసు సెంటరువారు డబ్బు తీసుకుని పూత వేశారు, రెండు వానాకాలాల తరవాత తలుపు కింది అంచులో బుడగలు లేచాయి. అడిగితే గాలి దోషం అన్నారు. గ్యారేజీ వారు ఏమంటారు?

రాజోలు గ్యారేజీ

గాలి దోషం సగమే. తలుపు కింది అంచునా, కింది పట్టీల అడుగునా నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. తొందరలో పూత కొట్టేవారు వాటిని కూడా కప్పేస్తారు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు తలుపు లోపలే నిలిచి, లోపలి నుంచి తినేస్తుంది. పూత వేయించిన రోజే నాలుగు తలుపుల అంచులూ వేలితో తడిమి చూడండి, రంధ్రం తగలకపోతే అక్కడే పిన్నుతో తీయించండి. తీశాక తలుపు అద్దం మీద ఒక మగ్గు నీళ్లు పోయించండి, కింది నుంచి కారాలి. కారేదాకా డబ్బు ఇవ్వవద్దు.